పూసల దండతో ఆవర్తన బిందువుల లెక్క

0కీ 1కీ మధ్య ఒక సంఖ్య తీసుకోండి. దాన్ని 1లోంచి తీసేయగా వచ్చిన మిగులుతో గుణించి, ఫలితాన్ని 3.83తో గుణించండి. ఇదే పని మళ్లీ మళ్లీ చేస్తే కాల్క్యులేటర్ చివరికి 0.156, 0.505, 0.957 దగ్గరే తిరుగుతుంటుంది. మూడు మెట్లకోసారి మొదటికి వచ్చే ఈ చక్రమే మూడు ఆవర్తనం, అందులోని విలువలే ఆవర్తన బిందువులు. ఇతర ఆవర్తనాలు లేవని కాదు, అవి అస్థిరం (విలువ కాస్త తప్పినా దూరంగా జారిపోతాయి) కాబట్టి కనబడవు. 1964లో షార్కోవ్‌స్కీ, 1975లో లీ, యార్క్ అనే గణితజ్ఞులు చూపించింది ఇదే: అవిచ్ఛిన్న ప్రమేయానికి (గీత తెగకుండా గీయగలిగే లెక్కకు) ఒక అంతరంలో మూడు ఆవర్తనం ఉంటే అన్ని ఆవర్తనాలూ ఉంటాయి.

ఏ ఆవర్తనానికి ఎన్ని చక్రాలున్నాయో లెక్కపెట్టడానికి విజయవాడ బీసెంట్ రోడ్డులో రెండు రంగుల పూసలు, ఒక దారం కొనుక్కుంటే చాలు. 0.156–0.505 ముక్కకు తెల్ల పూస, 0.505–0.957 ముక్కకు ఎర్ర పూస. మెట్టుకో పూస గుచ్చి చివర్లు కలిపితే ఒక చక్రానికి ఒక దండ. తెల్ల ముక్క వెళ్లి ఎర్ర ముక్కను కప్పుతుంది, ఎర్రది రెండింటినీ కప్పుతుంది. అంటే నియమం ఒక్కటే: రెండు తెల్ల పూసలు పక్కపక్కన రాకూడదు.

ఏ ముక్క దేన్ని కప్పుతుందో 1, 0లతో పట్టికగా రాస్తే అది మాత్రిక. మొదటి (తెల్ల) వరుస 0, 1. రెండోది 1, 1. దాన్ని దానితోనే గుణిస్తూ పోతే వచ్చే ఘాతాల జాడలు (ప్రధాన వికర్ణం మొత్తాలు) 1, 3, 4, 7, 11, 18 (లూకాస్ సంఖ్యలు). ఒకటి, రెండు, మూడు... పూసలతో నియమం తప్పని వరుసలు ఇన్నేసి. ఐదు పూసలకు 11లోంచి అన్నీ ఎర్రవైన 1 తీసేసి, ఒకే దండను ఐదు చోట్ల మొదలుపెట్టవచ్చు కాబట్టి 5తో భాగిస్తే 2 దండలు.

చాలామంది తప్పేది ఆరు దగ్గర. 18ని 6తో భాగిస్తే 3 వస్తుంది, శేషం లేదు కాబట్టి అనుమానమూ రాదు. అది తప్పు. ఒకటి, రెండు, మూడు పూసల దండలే మళ్లీ మళ్లీ వచ్చినవి 1+2+3=6 తీసేయాలి; 12ను 6తో భాగిస్తే 2. పైగా ఇది కనీస లెక్క మాత్రమే: మూడు పూసల దండ ఒక్కటే, 3.83 దగ్గర మూడు ఆవర్తన కక్ష్యలు (చక్రాలు) మాత్రం రెండు, ఒకటి స్థిరం, ఇంకోటి అస్థిరం.

బిందువు విలువ కావాలంటే వెనక్కి నడవండి. విలువను 4తో గుణించి, 3.83తో భాగించి, 1లోంచి తీసి వర్గమూలం కట్టండి. తెల్ల పూసైతే ఆ మూలాన్ని 1లోంచి తీసి సగం చేయాలి, ఎర్రదైతే 1కి కలిపి సగం చేయాలి. ఎరుపు, తెలుపు దండకు 0.6తో మొదలుపెట్టి ముందు ఎరుపు, తర్వాత తెలుపు మెట్టు వేస్తూ పోతే తెల్ల విలువలు 0.301, 0.394, 0.361, 0.372, 0.368 అని అటూ ఇటూ ఊగుతూ 0.369కి చేరతాయి. మొదటి విలువ 0.157, 0.957 మధ్య ఉండాలి, 0.1 లాంటిది పెడితే రెండో మెట్టులోనే వర్గమూలం కింద రుణసంఖ్య వచ్చి ఎర్రర్ కొడుతుంది.