ఫిబ్రవరిలో ఏప్రిల్ మంచు: సెయింట్ హెలెన్స్ మీద స్కీకి వెళ్ళేముందు జాగ్రత్తలు

జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో సియాటెల్ వైపు ఒక వారం ఇలా వస్తుంది. ముందు కొండల మీద కూడా వాన పడుతుంది. ఆ వెనకే హై ప్రెషర్ (అధిక వాయుపీడనం) వచ్చి కూర్చుంటుంది. రెడ్‌మండ్‌లో, బెల్‌వ్యూలో రోజంతా పొగమంచు, చలి. 5,000 అడుగుల పైన మాత్రం నీలాకాశం, జాకెట్ విప్పేసేంత ఎండ. కొత్త మంచు పడి చాలా రోజులైనా, మధ్యాహ్నానికి దక్షిణపు వాలులు మెత్తబడి అచ్చం ఏప్రిల్‌లోలా స్కీకి హాయిగా ఉంటాయి. "ఈ శనివారం సెయింట్ హెలెన్స్ వెళ్దామా" అని వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్‌లు మొదలయ్యేది అప్పుడే. సెయింట్ హెలెన్స్ అంటే వాషింగ్టన్ రాష్ట్రం దక్షిణాన ఉన్న అగ్నిపర్వతం.

నేనైతే వెళ్ళమనే చెబుతాను. అయితే ఒక్క సంగతి మనసులో పెట్టుకుని బయల్దేరండి. ఆ రోజు వసంతం వచ్చింది ఎండ పడే వాలుకే, అదీ ఒకటి రెండు గంటల సేపే. మిగతా కొండంతా ఇంకా నడి చలికాలంలోనే ఉంది. ఏప్రిల్‌లో చేసినట్టే ఇక్కడా చేస్తే దెబ్బ తినేది ఈ తేడా దగ్గరే.

లెక్క చూడండి. సెయింట్ హెలెన్స్ దగ్గర డిసెంబర్ చివర్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు 20 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. ఫిబ్రవరి మధ్యకి 31 డిగ్రీలు. చదునైన నేల మీద ఆ ఎండకి పెద్దగా బలం ఉండదు. కానీ 35 డిగ్రీల దక్షిణపు వాలు సూర్యుడి వైపు ఒరిగి ఉంటుంది కాబట్టి, అదే ఎండ దాని మీద వేసవి ఎండలా సూటిగా పడుతుంది. అంతే నిటారుగా ఉన్న ఉత్తరపు వాలుకి రోజు మొత్తం మీద ఒక్క కిరణం కూడా తగలదు. గట్టు మీద నిలబడితే కుడివైపు ఏప్రిల్, ఎడమవైపు జనవరి అన్నమాట.

స్కీకి హాయిగా ఉండే ఆ మెత్తటి మంచునే కార్న్ స్నో అంటారు. అది తయారయ్యేది పగలు కరగడం, రాత్రి గడ్డకట్టడం పదేపదే జరగడం వల్ల. సన్న రేణువులు కరిగి ఒకదానికొకటి అతుక్కుని, తడిసిన కల్లుప్పులా పెద్ద గింజలవుతాయి. రాత్రి గట్టిగా గడ్డకట్టడమే ఆ మంచుకి బలం. అందుకే ముందు రోజు సాయంత్రం ఫోర్‌కాస్ట్‌లో ఫ్రీజింగ్ లెవెల్ (గాలి ఉష్ణోగ్రత సున్నాకి చేరే ఎత్తు) ఒక్కటే చూసి ఊరుకోకండి, రాత్రి మబ్బు ఉందా లేదా అని కూడా చూడండి. ఆకాశం తేటగా ఉంటే, గాలి ఉష్ణోగ్రత సున్నాకి కాస్త పైన ఉన్నా మంచు తన వేడిని ఆకాశంలోకి వదిలేసి పైపొర గట్టిపడుతుంది. మబ్బు కమ్మితే ఆ వేడి బయటికి పోదు, తెల్లారేసరికి అంతా ముద్దముద్దగానే ఉంటుంది. గాలి వేగం కూడా చూడాలి. పైన గాలి బలంగా ఉంటే ఎండ ఎంత కాసినా మంచు మెత్తబడదు.

నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ ఫోర్‌కాస్ట్ తప్పకుండా చదవండి. అవలాంచ్ అంటే మంచుచరియ విరిగిపడటం. ఇలాంటి వారాల్లో చాలాసార్లు ప్రమాదం ఐదు స్థాయుల్లో అన్నిటికన్నా కింది స్థాయి అని ఇస్తారు. అది చూసి "ఇంకేం ఫర్వాలేదు" అనుకోవడం దగ్గరే నాకు భయం. ఆ రేటింగ్ మంచుచరియల గురించి చెబుతుంది. గడ్డకట్టిన వాలు మీద కాలు జారితే ఎక్కడ ఆగుతారో అది చెప్పదు. చలికాలపు కార్న్ రోజుల్లో నేను అవలాంచ్ కన్నా ముందు లెక్కలోకి తీసుకునేది ఈ జారుడునే. వాన పడి, గడ్డకట్టి, రోజూ ఎండకి కాస్త కరిగి మళ్ళీ గడ్డకట్టిన 35 డిగ్రీల మంచు గాజులా ఉంటుంది. దాని మీద పడితే మొదటి సెకనులోనే ఆపుకోవాలి. ఆ తర్వాత వేగం మన చేతిలో ఉండదు.

ఇక ఎక్కడం. చలికాలంలో దారి మార్బుల్ మౌంటెన్ స్నో-పార్క్ (చలికాలపు పార్కింగ్ స్థలం) నుంచి వర్మ్ ఫ్లోస్ అనే మార్గం మీదుగా. 2,700 అడుగుల దగ్గర మొదలై 8,300 పైచిలుకు అడుగుల వరకు, అంటే దాదాపు 5,700 అడుగుల ఎత్తు ఎక్కాలి. కారుకి స్నో-పార్క్ పర్మిట్, 4,800 అడుగుల పైకి వెళ్ళడానికి క్లైంబింగ్ పర్మిట్ కావాలి. ఇవి ముందే చూసుకోండి.

చెట్లు దాటి బయటపడిన చోట ఒక నిమిషం ఆగండి. స్కీ పోల్ (చేతికర్ర) మొనని మంచులోకి గుచ్చి చూడండి. టక్కున ఆగి, చిన్న గుంట కూడా పడకపోతే రాత్రి బాగా గడ్డకట్టినట్టు. పైపొర పెంకులా విరిగి, పోల్ కింద తడి మంచులోకి జానెడు దిగిపోతే గడ్డకట్టలేదన్నట్టు. పొద్దున్నే ఆ స్థితిలో ఉన్న వాలు ఎండెక్కాక బాగుపడదు, ఇంకా పాడవుతుంది. అక్కడి నుంచి వెనక్కి రావడమే సరైన పని, ఎంత దూరం డ్రైవ్ చేసి వచ్చినా సరే.

గట్టిగా ఉంటే స్కీ క్రాంపాన్స్ (స్కీల కింద మంచులోకి దిగే ముళ్ళు) తగిలించుకోవాలి. ఎక్కడ తగిలించుకోవాలన్నదే అసలు ప్రశ్న. స్కిన్స్ (ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీల అడుగున అంటించే పట్టీలు) ఒకసారి జారాక, నిటారు వాలు మధ్యలో ఒంటికాలి మీద నిలబడి బ్యాగ్ విప్పే పరిస్థితి తెచ్చుకోకండి. ఇంకా చదును నేల మీద ఉండగానే, "ఇప్పుడే అవసరమా" అనిపించే చోటే తగిలించండి. ఇంకా పైన స్కీలు బ్యాగ్‌కి కట్టేసి బూట్లకి అసలైన క్రాంపాన్స్ వేసుకుని ఐస్ యాక్స్ (మంచులో గుచ్చే గొడ్డలి) పట్టుకోవాల్సి రావచ్చు. ఊళ్ళో ఐసు మీద నడవడానికి వేసుకునే మైక్రోస్పైక్స్ ఈ పనికి చాలవు. ఐస్ యాక్స్‌తో పడి జారుతున్నప్పుడు ఆపుకోవడం ముందే ఎక్కడైనా చిన్న వాలు మీద, కింద మెత్తటి చదును ఉన్న చోట సాధన చేసి రండి. కొండ మీద మొదటిసారి ప్రయత్నించే పని కాదు అది.

టైమ్ విషయంలో ఏప్రిల్ అలవాటు ఇక్కడ పనికిరాదు. ఏప్రిల్‌లో పదింటికే దిగిపోవాలని తొందరపడతాం. ఫిబ్రవరిలో పదింటికి ఆ వాలు ఇంకా ఇనుములా ఉంటుంది. గాలి లేని రోజున ఆగ్నేయపు వాలులు పదకొండు తర్వాత, దక్షిణపు వాలులు పన్నెండు నుంచి రెండు మధ్య మెత్తబడతాయి. రెండున్నర దాటాక ఎండ పక్కకి వాలుతుంది, గల్లీల్లో (గట్ల మధ్య ఉండే లోతైన ఇరుకు పల్లాల్లో) నీడ పడుతుంది, అరగంట కింద మెత్తగా ఉన్న చోటే మళ్ళీ గడ్డకడుతుంది. అంటే మనకి దొరికేది మధ్యలో కొద్ది సమయమే: తొందరపడినా గట్టి మంచే, ఆలస్యమైనా గట్టి మంచే. బాగా అలవాటున్నవాళ్ళకి పైకి ఐదారు గంటలు, కొత్తవాళ్ళకి ఏడెనిమిది గంటలు పడుతుంది. హెడ్‌ల్యాంప్‌తో ఐదింటికల్లా బయల్దేరండి. ఒంటిగంటకి ఎక్కడ ఉన్నా అక్కడి నుంచే దిగాలని ఇంట్లో ఉండగానే అందరూ ఒప్పుకోండి. శిఖరం ఇంకో ఐదొందల అడుగులే ఉందని కొండ మీద వాదన పెట్టుకుంటే ఎవరూ నెగ్గరు.

పైపొర రెండు మూడు సెంటీమీటర్లు మెత్తబడి, కింద గట్టిగా ఉన్నప్పుడు దిగాలి. బూటు చీలమండ దాకా దిగుతోందంటే ఆలస్యమైంది. రాళ్ళ కింద నుంచి, గట్ల మీద నుంచి మంచు ఉండలు చక్రాల్లా దొర్లుకుంటూ వస్తుంటే ఆ వాలు ఖాళీ చేయండి. తడి మంచు చరియ చిన్నదే కావచ్చు, మెల్లగానే రావచ్చు. కానీ గల్లీలో ఉన్న మనిషిని తోసుకుంటూ పోయి రాళ్ళ మీదికో గుంటలోకో చేరుస్తుంది. అందుకే దిగేటప్పుడు గల్లీ అడుగున కాకుండా విశాలమైన గట్టు పక్క వాలు పట్టుకోండి. మధ్యాహ్నం దాటినా మెత్తబడలేదా? అప్పుడు స్కీ సరదా వదిలేసి క్రాంపాన్స్ మీదే నడిచి దిగండి.

శిఖరం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 1980 మే 18 విస్ఫోటనంలో ఆ కొండ తల ఎగిరిపోయింది. ఇప్పుడు పైకి చేరేది బిలం అంచుకే. ఆ అంచు మీద గాలికి పేరుకున్న మంచు చూరులా బయటికి సాగి ఉంటుంది. కార్నిస్ అంటారు. దాని మీద నిలబడ్డవాళ్ళకి కింద నేల లేదని తెలియదు. 2010 ఫిబ్రవరిలో ఒక పర్వతారోహకుడు ఆ చూరు విరిగి బిలంలో పడి చనిపోయాడు. లోపలికి తొంగిచూడాలని, అంచున ఫోటో దిగాలని అందరికీ ఉంటుంది. ముందు వెళ్ళినవాళ్ళ అడుగుజాడలు అంచు దాకా ఉన్నాయని నమ్మకండి. చాలా వెనకే ఆగిపోండి. ఫోటోలో బిలం పడకపోతే పడకపోయింది.

బీకన్ (మంచు కింద చిక్కినవాళ్ళని వెతికే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులోకి గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ముగ్గురుంటే ముగ్గురి దగ్గరా ఉండాలి, రేటింగ్ ఎంత తక్కువున్నా సరే. బీకన్‌కి ఫోన్ కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి, వెతికేటప్పుడు 50. మంచు మీద నుంచి తిరిగి కొట్టే ఎండకి ముక్కు కింద, గడ్డం కింద కూడా చర్మం కాలుతుంది. గ్లేసియర్ కళ్ళజోడు లేకపోతే సాయంత్రానికి కళ్ళలో ఇసుక పోసినట్టు మండుతుంది.

ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకి చెబితే టెన్షన్ పడతారని చాలామంది చెప్పరు. సరే. కానీ ఇక్కడే ఉన్న ఒకరికి మాత్రం దారి పేరు, కారు నంబర్, ఎన్నింటికల్లా ఫోన్ చేస్తారో రాసి ఇవ్వండి. ఆ టైమ్ దాటితే 911కి ఫోన్ చేయమనండి, స్కమేనియా కౌంటీ షెరిఫ్ ఆఫీసు గాలింపు మొదలుపెడుతుంది. దారిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి శాటిలైట్ మెసెంజర్ ఒకటైనా గ్రూపులో ఉంటే మంచిది. దిగేటప్పుడు కింద పొగమంచు పొరలోకి వెళ్ళాల్సి రావచ్చు. ఎక్కిన దారిని జీపీఎస్‌లో రికార్డు చేసుకోండి, పక్క లోయలోకి జారిపోకుండా అదే కాపాడుతుంది.

ఇంకొకటి, ఇది ఆ రోజుకి కాదు, ఆ తర్వాతి వారానికి. ఎండ తగలని వాలుల మీద ఈ తేట రాత్రుల్లోనే ఈకల్లాంటి మంచు స్ఫటికాలు పెరుగుతాయి. సర్ఫేస్ హోర్ అంటారు. వాటి మీద కొత్త మంచు కప్పేస్తే అదే బలహీనమైన పొర అవుతుంది, వారాల తరబడి అలాగే ఉండి చరియలు విరగడానికి కారణమవుతుంది. దారిలో నీడవైపు మంచు మీద అవి మెరుస్తూ కనిపిస్తే ఏ ఎత్తులో, ఏ దిక్కున చూశారో ఫోటోతో సహా అవలాంచ్ సెంటర్‌కి పంపండి. తర్వాతి తుఫాను వెళ్ళాక ఉత్తరపు వాలుకి బయల్దేరేవాళ్ళకి ఆ రిపోర్టు ఉపయోగపడుతుంది.