గీతలున్న వాచీనే అడగండి

మా నాన్న చేతికి హెచ్‌ఎంటీ పైలట్ ఉండేది. నల్ల డయల్, తెల్ల అంకెలు. పొద్దున్నే కాఫీ చల్లారేలోపు దానికి కీ ఇచ్చుకునేవారు. ఆయన ఎప్పుడూ విమానం ఎక్కలేదు గానీ, స్కూటర్ మీద ఎదురెండలో వెళ్తూ కూడా ఒక్క చూపులో టైము చెప్పేవారు. పైలట్ వాచీకి ఉండాల్సిన మొదటి గుణం అదే.

నలభై దాటాక నాకూ అలాంటిదే, కాస్త ఖరీదైనది కావాలనిపించింది. బీరువాలో దాచుకోవడానికి కాదు, రోజూ ఆఫీసుకు పెట్టుకోవడానికి. కొత్తదానికి అంత డబ్బు పెట్టలేను. సెకండ్ హ్యాండ్‌లో మొదటిసారి దెబ్బతిన్నాను, రెండోసారి సరిగ్గా కొన్నాను.

మొదటిది మెరుపు చూసి కొన్నాను. షోరూమ్‌లోంచి అప్పుడే తీసినట్టుంది. అమ్మినాయన "ఫుల్ సర్వీస్ చేయించాం సార్" అన్నాడు, కాగితం మాత్రం చూపలేదు, నేనూ అడగలేదు. జులైలో ఒక సాయంత్రం వానలో తడిసి ఇంటికొస్తే అద్దం లోపల ఆవిరి! వెనక మూత తీసిన మెకానిక్ నల్ల రబ్బరు రింగును గోటితో గీకితే పొడి రాలింది. ఏళ్ల తరబడి ఎవరూ ఆ మూత తెరవలేదు. పైపైన పాలిష్ పట్టి అమ్మేశారు. బాగు చేయించడానికి కొన్న ధరలో దాదాపు నాలుగో వంతు అయింది.

అప్పట్నుంచీ మరీ మెరిసే పాత వాచీ అంటేనే నాకు అనుమానం. బెల్టు పట్టి ఉంచే నాలుగు కొమ్ములుంటాయి, లగ్స్ అంటారు. వాటి అంచులు పదునుగా, నాలుగూ ఒకేలా ఉండాలి. పాలిష్ పట్టిన ప్రతిసారీ కాస్త లోహం పోతుంది. వాడిన సబ్బు బిళ్ళలా గుండ్రంగా అరిగి ఉంటే ఆ వాచీ పక్కన పెట్టేయండి. గీతలుంటే ఫర్వాలేదు, మీ చేతికొచ్చాక ఎలాగూ పడతాయి. మొదటి గీత ముందే పడి ఉంటే టెన్షన్ కూడా ఉండదు.

ఏ మోడల్ అన్నది తర్వాత. బ్రైట్లింగ్ కంపెనీ పైలట్ వాచీ నావిటైమర్ 1952 నుంచీ ఉంది. అందమే, కానీ లెక్కలు కట్టే గుండ్రటి స్కేలుతో డయల్ నిండా గీతలూ అంకెలూ. నాకు టైము వెతుక్కోవలసి వచ్చింది. చివరికి ఐడబ్ల్యూసీ అనే స్విస్ కంపెనీ చేసే మార్క్ వరస పైలట్ వాచీల దగ్గర ఆగాను. బ్రిటిష్ వాయుసేన కోసం 1948లో మొదలైన మార్క్ 11 దీనికి మూలం. ఇప్పుడు దొరికేవాటిలో మార్క్ 15 సైజు 38 మిల్లీమీటర్లు, 16 అయితే 39, 17 అయితే 41, 18 అయితే 40. ఆ తర్వాత నేరుగా 20 వచ్చింది, 19 కోసం వెతక్కండి.

నేను తీసుకున్నది మార్క్ 18. 2016లో వచ్చింది. లోపలి మెషీన్ సెలిటా కంపెనీది ఆధారంగా చేసింది. సొంత మెషీన్ కాదని కొందరికి ఇది నామోషీ. నాకు మాత్రం ధైర్యం: చాలామంది మెకానిక్‌లకు తెలిసిన మెషీన్. పైగా దాని చుట్టూ మెత్తని ఇనుప కవచం ఉంటుంది, అయస్కాంత ప్రభావం లోపలికి పోకుండా. జనరేటర్ల మధ్య పనిచేసేవాణ్ణి కాబట్టి నాకది అవసరం. మీకు ల్యాప్‌టాప్, స్పీకర్లు, ఫోను కవరులో అయస్కాంతం ఉన్నాయి కదా! 2022లో వచ్చిన మార్క్ 20 ఒకసారి పూర్తిగా కీ ఇస్తే 120 గంటలు నడుస్తుంది, 18 అయితే 42 గంటలే. కానీ రోజూ పెట్టుకునేవాడికి ఆ తేడాకు అంత డబ్బు పెట్టడం దండగ.

కొనే రోజు పగలు వెళ్లండి, పది రెట్లు చూపే భూతద్దం తీసుకెళ్లండి. ఈ వాచీ కీ స్క్రూలా తిప్పి బిగించేది. విప్పేటప్పుడు, మళ్లీ బిగించేటప్పుడు గరగరలాడకూడదు. పూర్తిగా బయటికి లాగితే సెకన్ల ముల్లు ఆగాలి. ముళ్లను ముందుకు తిప్పుతూ పన్నెండు దాటించండి, తేదీ తడబడకుండా మారాలి. వాచీలో రాత్రి తొమ్మిదికీ తెల్లవారి మూడుకీ మధ్య టైము ఉన్నప్పుడు మాత్రం కీతో నేరుగా తేదీ మార్చకండి, లోపలి చక్రాల పళ్లు దెబ్బతింటాయి.

తర్వాత టైమ్‌గ్రాఫర్ మీద పెట్టమనండి. వాచీ టిక్‌టిక్ విని లెక్క చెప్పే చిన్న యంత్రం అది. పూర్తిగా కీ ఇచ్చి, డయల్ పైకి ఉంచి చూస్తే యాంప్లిట్యూడ్, అంటే లోపలి చక్రం అటూ ఇటూ ఊగే కోణం, 270 నుంచి 300 డిగ్రీల మధ్య ఉండటం ఆరోగ్యం. 220 కూడా లేకపోతే సర్వీసు బాకీ ఉన్నట్టే. రోజుకు ఎన్ని సెకన్లు తేడా అన్నది అందరూ చూస్తారు. నేను కీ కిందికి వచ్చేలా నిలబెట్టి మళ్లీ చూస్తాను. రెండు లెక్కలకీ బాగా తేడా ఉంటే ధర తగ్గించమని అడగడానికి అదే నా ఆయుధం. ఇక నీళ్ల సంగతి. 60 మీటర్ల లోతు ఒత్తిడికీ నీళ్లు పోవని కంపెనీ చెప్పినా అది మూత లోపలి రబ్బరు రింగు కొత్తగా ఉన్ననాటి మాట. గాలి ఒత్తిడితో మీ ఎదుటే పరీక్ష చేయించండి.

కాగితాల దగ్గర మొహమాటం వద్దు. వెనక మూత మీది సీరియల్ నంబరూ వారంటీ కార్డు మీదిదీ అంకె అంకె పోల్చండి. దొంగ సొత్తేమో తెలుసుకోవడానికి ది వాచ్ రిజిస్టర్ అనే జాబితాలో వెతికించొచ్చు. "దుబాయ్ నుంచి మా తమ్ముడు తెచ్చాడు" అంటే కస్టమ్స్ సుంకం కట్టిన రసీదు అడగండి. 1962 నాటి కస్టమ్స్ చట్టం 123వ సెక్షన్‌లో బంగారంతో పాటు వాచీల పేరూ ఉంది. స్మగుల్డ్ సరుకని నమ్మి అధికారులు పట్టుకుంటే, కాదని రుజువు చేసుకోవాల్సింది మనమే. రెండు లక్షలు, ఆపైన నగదు పుచ్చుకోవడం కూడా చట్టవిరుద్ధం. బ్యాంకు ద్వారానే ఇవ్వండి, బిల్లులో సీరియల్ నంబరు రాయించుకోండి.

నాకు చెప్పిన ధర మూడు లక్షల పది వేలు. 2017 కార్డు, సర్వీసు చేసిన ఆధారం లేదు. రేపు నేనే చేయించాలి కదా అని ఆ ఖర్చు తీసేసి బేరం మొదలుపెట్టాను. రెండు టీలయ్యాక రెండు లక్షల డెబ్బై రెండు దగ్గర తెగింది.

స్టీలు చైనుతో ఉన్నదే చూసుకోండి, విడిగా కొనాలంటే గుండె జారుతుంది. తీసేసిన లింకులు కూడా అడిగి తెచ్చుకోండి. తోలు బెల్టు మన మే నెల చెమటకు నెలలో వాసనేస్తుంది. నేను ఎండాకాలమంతా 20 మిల్లీమీటర్ల నైలాన్ బెల్టు వేస్తాను, ఆదివారం ఉతికి ఆరేస్తాను.

మొన్న పండక్కి వెళ్తే నాన్న నా చెయ్యి లాక్కుని, కళ్లజోడు లేకుండా చూసి టైము చెప్పారు. "అంకెలు బాగానే కనపడుతున్నాయి. ఎంతేంట్రా?" అన్నారు. ఇరవై వేలని చెప్పాను. "హెచ్‌ఎంటీలో పది వచ్చేవి" అన్నారు.