ఈజీఎఫ్ఆర్ బ్యాండ్ రాకపోతే: యాంటీబాడీని ఆఖరున అనుమానించండి

వెస్టర్న్ బ్లాట్ అంటే ప్రోటీన్లను జెల్‌లో సైజు ప్రకారం విడదీసి, మెంబ్రేన్ మీదికి మార్చి (ట్రాన్స్‌ఫర్), కావలసిన ప్రోటీన్‌ను యాంటీబాడీతో ఒక గీతగా (బ్యాండ్) చూడటం. అందులో ఈజీఎఫ్ఆర్ అనే ప్రోటీన్ బ్యాండ్ రాలేదంటే, ఇక్కడ తిరుపతిలో మా ల్యాబ్ పిల్లలు మొదట అనే మాట "యాంటీబాడీ పోయింది మేడమ్" అని. మే నెల ఎండలో కొరియర్‌లో వచ్చింది కదా, ఐస్ ప్యాక్ కరిగిపోయి ఉంటుందని వాళ్ల టెన్షన్. ఒక్కోసారి నిజమే. నేను చూసినంతలో మాత్రం తప్పు ఎక్కువసార్లు ట్రాన్స్‌ఫర్‌లో దొరికింది.

ఈజీఎఫ్ఆర్ కణం పొరలో ఉండే గ్రాహక ప్రోటీన్. బయట ఈజీఎఫ్ అనే పెరుగుదల కారకం వచ్చి అతుక్కుంటే, పెరగమనే సంకేతం లోపలికి వెళ్తుంది. కొన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్లలో జన్యువు మారిపోయి, ఈజీఎఫ్ రాకపోయినా ఆ సంకేతం నడుస్తూనే ఉంటుంది. అందుకే బ్యాండ్ లేదని రాసే ముందు నాలుగుసార్లు చూసుకోవాలి.

సమస్య: బ్యాండ్ అసలు లేదు

జెల్‌లో ఒక లేన్‌లో ఏ431 అనే క్యాన్సర్ కణాల లైసేట్ (కణాలను పగలగొట్టి తీసిన ద్రవం) వేయండి. వాటిలో ఈజీఎఫ్ఆర్ విపరీతంగా ఉంటుంది. ఎంసీఎఫ్7 అనే రొమ్ము క్యాన్సర్ కణాల్లో చాలా తక్కువ, అక్కడ కనబడలేదని కంగారు పడొద్దు. ఏ431లోనూ రాకపోతే మెంబ్రేన్‌కు పాన్సో రంగు వేయండి, అది ప్రోటీన్లన్నిటినీ ఎర్రగా చూపిస్తుంది. కింద చిన్న ప్రోటీన్లు ఎర్రగా తేలి, పైభాగం వెలవెలబోతుంటే కారణం తెలిసినట్టే. ఈజీఎఫ్ఆర్ సుమారు 175 కిలోడాల్టన్ల పెద్ద ప్రోటీన్, అది జెల్‌లోనే ఉండిపోయింది. 12 శాతం జెల్ బదులు 7.5 శాతం పోయండి. ట్రాన్స్‌ఫర్ బఫర్‌లో మెథనాల్ 20 నుంచి 10 శాతానికి తగ్గించి, కోల్డ్ రూమ్‌లో 30 వోల్టుల మీద రాత్రంతా నడపండి. పవర్ ప్యాక్‌ను జనరేటర్ లైన్‌కే పెట్టండి. అర్ధరాత్రి కరెంటు పోయిన సంగతి తెల్లారి మనకెవరూ చెప్పరు.

ప్రోటీన్ వెల్ (జెల్‌లో శాంపిల్ పోసే గుంట) అంచునే ముద్దగా ఆగిందా? శాంపిల్‌ను 95 డిగ్రీల్లో మరిగించకుండా 70 డిగ్రీల్లో పది నిమిషాలు ఉంచండి.

సమస్య: మామూలు బ్యాండ్ ఉంది, ఫాస్ఫో బ్యాండ్ లేదు

ఫాస్ఫో బ్యాండ్ అంటే ఈజీఎఫ్ అందాక ఫాస్ఫేట్ అతికిన ఈజీఎఫ్ఆర్. అది లేదంటే కణాలకు ఈజీఎఫ్ అందలేదు, లేదా ఫాస్ఫటేజ్‌లు అనే ఎంజైమ్‌లు ఫాస్ఫేట్‌ను కోసేశాయి. కణాలకు పోషకంగా వేసే సీరం రాత్రంతా ఆపి, మిల్లీలీటరుకు 100 నానోగ్రాముల ఈజీఎఫ్ ఐదు, పది నిమిషాలు ఇవ్వండి. వెంటనే ఐస్ మీద పెట్టి, ఫాస్ఫటేజ్‌లను ఆపే ఆర్థోవనడేట్ కలిపిన బఫర్‌తో లైసిస్ చేయండి, అంటే కణాలను పగలగొట్టండి. యాంటీబాడీ మెంబ్రేన్‌కు ఊరికే అంటుకోకుండా చేసే బ్లాకింగ్‌కు పాలపొడి వద్దు, బీఎస్ఏ (ఆవు సీరం ఆల్బుమిన్) వాడండి. పాలలోని కేసీన్‌కే ఫాస్ఫేట్ ఉంటుంది, బ్యాక్‌గ్రౌండ్ పెరుగుతుంది.

కింద చిన్న చిన్న బ్యాండ్లు వస్తే ప్రోటీన్ విరిగింది. ప్రోటీన్‌ను కోసే ఎంజైమ్‌లను ఆపే ప్రోటియేజ్ ఇన్హిబిటర్ తాజాగా కలపండి.

ఇవన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు యాంటీబాడీ. ఏ431 లైసేట్ చుక్క మెంబ్రేన్ మీద వేసి, ఆరాక, జెల్, ట్రాన్స్‌ఫర్ లేకుండానే, బ్లాకింగ్ చేసి యాంటీబాడీ పెట్టండి. చుక్క వెలిగితే యాంటీబాడీ బతికే ఉంది. వెలగకపోతే సెకండరీ (మొదటి యాంటీబాడీని, అంటే ప్రైమరీని, గుర్తుపట్టి వెలుగునిచ్చే రెండో యాంటీబాడీ) లేబుల్ చదవండి. కుందేలులో తయారైన ప్రైమరీకి, ఎలుక యాంటీబాడీని గుర్తుపట్టే సెకండరీ వేసి నేను మూడు వారాలు పోగొట్టుకున్నాను.