స్పంజికల్లోని సూక్ష్మజీవులపై కాలుష్య ప్రభావాన్ని పరిశీలించడం ఎలా?

ఒక కిలో బరువున్న స్పంజిక (నీటిని వడకట్టి ఆహారం తీసుకునే స్పాంజ్ అనే జలజీవి) రోజుకు 24,000 లీటర్ల వరకు సముద్రపు నీటిని వడకట్టగలదని అంచనా. ఆ నీటిలో మురుగు కలిసినా, లోహం కలిసినా, నూనె కలిసినా అది స్పంజిక శరీరంలోని ప్రతి గదినీ తాకుతూ, అక్కడ కాపురముంటున్న బాక్టీరియా, ఆర్కియాల (బాక్టీరియాను పోలిన వేరే తరగతి ఏకకణ జీవుల) మీదుగానే సాగిపోతుంది. కాబట్టి ఈ పనికి దిగేవారు ముందుగా ఒక ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోవాలి: నమూనాలో కనబడుతున్న సూక్ష్మజీవి స్పంజికతో సహజీవనం చేస్తున్నదా, లేక నీటితోపాటు ఆహారంగా లోపలికి వచ్చి ఇంకా జీర్ణం కానిదా? మురుగు కాలువ దగ్గరి స్పంజికలో పేగు బాక్టీరియా కనిపించినంత మాత్రాన అందులోని సహజీవుల సమూహం మారిపోయిందని తేల్చేయడం తొందరపాటే అవుతుంది.

ఏ జాతిని ఎంచుకుంటారన్న దానిపై ఫలితం చాలావరకు ఆధారపడి ఉంటుంది. కొన్ని స్పంజికల్లో గ్రాము కణజాలానికి పది కోట్ల నుంచి వెయ్యి కోట్ల వరకు సూక్ష్మజీవులు ఉంటాయి. మరికొన్నింటిలో లక్ష నుంచి పది లక్షలే, అంటే దాదాపు చుట్టూ ఉన్న నీటిలో ఉన్నంతే. మొదటి రకంలో నీటితో వచ్చి పోయే బాక్టీరియా గుంపులో కలిసిపోయి కనబడవు, రెండో రకంలో అవే పెద్దగా కనిపిస్తాయి. ఈ రెండు రకాలనూ కలిపి సగటు తీస్తే ఆ లెక్కకు అర్థం ఉండదు. జాతిని రంగునుబట్టో ఆకారాన్నిబట్టో నిర్ధారించకూడదు, ఎందుకంటే ఒకే జాతి అలల తాకిడినిబట్టి, వెలుతురునుబట్టి రూపు మార్చుకుంటుంది. గోరంత ముక్కను గాజు పలక మీద బ్లీచింగ్ ద్రావణంలో ఉంచితే మాంసం కరిగిపోయి కంటకాలు (స్పంజికకు ఆధారంగా ఉండే సూదుల్లాంటి గట్టి ముళ్లు) మిగులుతాయి. వాటి ఆకారాన్ని, పొడవును మైక్రోస్కోపులో చూసి నమోదు చేయాలి. కంటకాలు లేని స్పంజికలకు మాత్రం నారల అమరికను, జన్యు గుర్తింపును ఆశ్రయించక తప్పదు.

ఒక కలుషిత రేవును ఒక శుభ్రమైన తీరంతో పోల్చి ముగించడం ఇలాంటి అధ్యయనాల్లో తరచుగా జరిగే పొరపాటు. ఆ రెండు చోట్ల లోతు, ఉష్ణోగ్రత, లవణీయత కూడా వేరు కావచ్చు. అప్పుడు తేడాకు కారణం కాలుష్యమేనని చెప్పడానికి ఆధారం ఉండదు. కాలుష్యం పుట్టే చోటు నుంచి దూరం పెరిగేకొద్దీ వరసగా కొన్ని స్థలాలను, ఒక్కోచోట కనీసం అయిదారు వేర్వేరు స్పంజికలను తీసుకోవాలి. అదే రోజున, అదే లోతులో నీటిని పట్టి అమ్మోనియా, నైట్రేట్, ఫాస్ఫేట్ కొలవాలి. రేవుల దగ్గర రాగిని తప్పనిసరిగా కొలవాలి: ఓడల అడుగున పూసే రంగుల్లో విషపూరితమైన ట్రైబ్యూటైల్ టిన్‌ వాడకంపై అంతర్జాతీయ నిషేధం 2008లో అమల్లోకి రాగా, రాగి కలిపిన రంగులు మాత్రం విస్తృతంగా వాడుకలో ఉన్నాయి. నీటి నమూనా ఆ క్షణం సంగతే చెబుతుంది, కాబట్టి కణజాలంలో పేరుకున్న లోహాన్ని కూడా విడిగా చూడాలి.

సేకరణకు అవసరమైన అనుమతులు తీసుకున్నాకే నీటిలోకి దిగాలి. కంటకాలు చర్మంలో గుచ్చుకుని మంట పుట్టిస్తాయి కనుక చేతి తొడుగులు వేసుకోవాలి. స్పంజికను మొత్తంగా పెకలించకుండా చిన్న ముక్కను మాత్రమే కోస్తే, మిగిలిన భాగం తిరిగి పెరిగే అవకాశం ఉంటుంది. ముక్కను పైకి తెచ్చాక 0.2 మైక్రాన్ల వడపోత దాటించిన సముద్రపు నీటిలో రెండు మూడుసార్లు కడిగి, నాళాల్లో దాక్కున్న చిన్న పురుగులను, పీతపిల్లలను పట్టకారుతో ఏరివేయాలి. పై పొరనూ లోపలి భాగాన్నీ వేరు చేయడం ఎంతో ముఖ్యం, ఎందుకంటే వెలుతురు తగిలే పై పొరలో సయనోబాక్టీరియా (వెలుతురుతో ఆహారం తయారుచేసుకునే బాక్టీరియా) ఎక్కువగా ఉండవచ్చు, లోపల ఉండకపోవచ్చు. ఒకసారి పైనుంచి, ఇంకోసారి లోపలినుంచి కోస్తే కాలుష్యంతో నిమిత్తం లేకుండానే తేడా వస్తుంది. పక్కనే ఉన్న నీటిని, అడుగు మట్టిని కూడా సేకరించి, అన్నింటినీ వెంటనే ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి మైనస్ 80 డిగ్రీల సెల్సియస్ వద్ద భద్రపరచాలి.

ప్రయోగశాలలో 16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జన్యు సీక్వెన్సింగ్ (ఏ సూక్ష్మజీవులు ఉన్నాయో గుర్తించేందుకు ఈ జన్యువులోని అక్షరక్రమాన్ని చదవడం) చేయడం ఇప్పుడు మామూలైపోయింది. కణజాలం వేయని ఖాళీ గొట్టాన్ని కూడా అన్ని దశల్లోనూ నడిపితే, రసాయనాల ద్వారా చేరిన డీఎన్‌ఏ బయటపడుతుంది.

ఫలితాలను చదివేటప్పుడు స్పంజికలోని జాబితాను పక్కనున్న నీటి జాబితాతో సరిపోల్చాలి. నీటిలో సమృద్ధిగా ఉండి స్పంజికలో కొద్దిగా మాత్రమే కనబడేవాటిని సహజీవులుగా లెక్కించకూడదు. మార్పు కనబడకపోవడం కూడా ఒక ఫలితమే. మధ్యధరా సముద్రంలోని ఒక కలుషిత రేవు లోపల, బయట పెరిగిన క్రాంబే క్రాంబే స్పంజికల్లో సూక్ష్మజీవుల సమూహం స్థిరంగానే ఉన్నట్టు 2017లో ప్రచురితమైన పరిశోధన చూపింది. రోపలోయిడిస్ ఒడొరాబిలె అనే పగడపు దిబ్బల స్పంజికలోనైతే అధిక రాగికి గురైనప్పుడు బాక్టీరియా సంఖ్య తగ్గినట్టు 2001లో వెలువడింది. అయితే పేర్ల జాబితా మారకపోయినా పని మారవచ్చు: అమ్మోనియాను ఆక్సీకరించే ఆర్కియా అక్కడే ఉండి కూడా ఆ పని తగ్గించి ఉండవచ్చు. దీన్ని పట్టుకోవాలంటే, ఏ జన్యువులు చురుగ్గా పనిచేస్తున్నాయో తెలిపే ఆర్‌ఎన్‌ఏను పరిశీలించడమో, అమ్మోనియా వినియోగాన్ని నేరుగా కొలవడమో చేయాలి.

కారణాన్ని గట్టిగా నిరూపించాలనుకుంటే మార్పిడి ప్రయోగం చేయాలి. శుభ్రమైన చోటి స్పంజికల్లో కొన్నింటిని కలుషిత స్థలానికి తరలించి, మరికొన్నింటిని కోసి తిరిగి అదే చోట కట్టి, ఇంకొన్నింటిని కదపకుండా వదిలేయాలి. కోత గాయం మానడానికి గడువు ఇచ్చాక, గుర్తు కట్టిన అవే స్పంజికల నుంచి కొన్ని వారాల పాటు క్రమం తప్పకుండా చిన్న ముక్కలు తీయాలి. చివరగా తరలించిన వాటిలో సగాన్ని పాత చోటుకు చేర్చి, సూక్ష్మజీవుల సమూహం మునుపటి స్థితికి వస్తుందో లేదో చూడాలి.