జావా ఆర్‌ఎంఐ సర్వీస్ మొరాయిస్తోందా? ముందు ఏ లైన్‌లో ఆగిందో చూడండి

ఆర్‌ఎంఐ (రిమోట్ మెథడ్ ఇన్వొకేషన్) అంటే ఒక జావా ప్రోగ్రామ్ ఇంకో సిస్టమ్‌లోని మెథడ్‌ని పిలిచే పద్ధతి. సర్వర్, క్లయింట్ రెండూ ఒకే లాప్‌టాప్‌లో నడిపితే అన్నీ చక్కగా పనిచేస్తాయి. క్లయింట్‌ని పక్క సిస్టమ్‌కి మార్చగానే స్క్రీన్ నిండా ఎక్సెప్షన్లు. ల్యాబ్ ఎగ్జామ్ రోజు ఇలా జరిగితే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. అప్పుడు చాలామంది కోడ్ మొత్తం మళ్లీ టైప్ చేయడం మొదలుపెడతారు. అంత అవసరం లేదు. సర్వర్ మొదలయ్యేటప్పుడు ఆగిందా, క్లయింట్ లుకప్ (రిజిస్ట్రీ అనే పేర్ల పట్టికలో సర్వీస్‌ని వెతకడం) దగ్గర ఆగిందా, లుకప్ దాటి మెథడ్‌ని పిలిచినప్పుడు ఆగిందా అన్నది తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ఉదాహరణకి ఒక చిన్న సర్వీస్ అనుకుందాం. క్లయింట్ హాల్ టికెట్ నంబర్ పంపుతుంది, సర్వర్ మార్కులు తిరిగి పంపుతుంది.

సర్వర్ మొదలవకుండానే ఆగిపోతే

"ఇల్లీగల్ రిమోట్ ఇంటర్‌ఫేస్" అని వస్తే తప్పు ఇంటర్‌ఫేస్‌లోనే (క్లయింట్ పిలవగల మెథడ్‌ల జాబితాలోనే) ఉంది. అది రిమోట్‌ని ఎక్స్‌టెండ్ చేయడం ఒక్కటే చాలదు, అందులోని ప్రతి మెథడ్ రిమోట్‌ఎక్సెప్షన్‌ని త్రో చేస్తానని చెప్పాలి. మొదట రాసిన మెథడ్‌కి అందరూ పెడతారు, వారం తర్వాత చేర్చిన మెథడ్‌కి మరిచిపోతారు. కంపైలర్ దీన్ని పట్టుకోదు కాబట్టి నడిపేదాకా తెలియదు.

"పోర్ట్ ఆల్రెడీ ఇన్ యూజ్: 1099" అంటే పాత సర్వర్ ఇంకా నడుస్తోంది, లేదా ఒక విండోలో రిజిస్ట్రీని విడిగా మొదలుపెట్టి, కోడ్‌లోనూ క్రియేట్‌రిజిస్ట్రీ పిలిచారు. రెండింట్లో ఒకటే ఉంచండి. నా ఓటు కోడ్‌లో ఉన్నదానికే. ఎందుకంటే రిజిస్ట్రీని వేరే ఫోల్డర్ నుంచి నడిపితే దానికి మీ ఇంటర్‌ఫేస్ క్లాస్ కనిపించదు, రీబైండ్ (సర్వీస్‌ని రిజిస్ట్రీలో పేరుతో నమోదు చేయడం) దగ్గర క్లాస్‌నాట్‌ఫౌండ్ వస్తుంది. ఆ గొడవ కూడా దీంతోనే తీరిపోతుంది.

స్టబ్‌లు (క్లయింట్ దగ్గర సర్వర్ ఆబ్జెక్ట్ తరఫున నిలబడేవి) తయారుచేసే ఆర్‌ఎంఐసీ కమాండ్ దొరకడం లేదని కంగారుపడకండి. జేడీకే 15లో దాన్ని తీసేశారు. జావా 5 నుంచే స్టబ్‌లు నడిచేటప్పుడు వాటంతట అవే తయారవుతున్నాయి. మాన్యువల్‌లో ఆ స్టెప్ ఉంటే దాటేయండి.

లుకప్ దగ్గర ఆగితే

నాట్‌బౌండ్ వస్తే పేరు కలవలేదన్నమాట. రిజిస్ట్రీలో లిస్ట్ మెథడ్‌ని పిలిచి ఉన్న పేర్లు ప్రింట్ చేస్తే పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా వెంటనే దొరుకుతుంది. క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షన్‌లో "ప్రాక్సీ" అన్న మాట కనిపిస్తే, మీరు ఇంప్లిమెంటేషన్ క్లాస్‌కి కాస్ట్ చేశారు. క్లయింట్ చేతికి వచ్చేది స్టబ్ మాత్రమే, దాన్ని ఇంటర్‌ఫేస్‌కే కాస్ట్ చేయాలి.

లుకప్ అయింది, పిలిస్తే "కనెక్షన్ రిఫ్యూజ్డ్"

ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. లుకప్ అయింది కాబట్టి నెట్‌వర్క్ బాగానే ఉందని, తప్పు మెథడ్‌లో ఉందని అనుకుంటారు. నేనైతే ఫైర్‌వాల్‌ని అనుమానించి ఒక పూటంతా పోగొట్టుకున్నాను.

స్టబ్ అంటే సర్వర్ అడ్రస్ రాసి ఉన్న చీటీ అనుకోండి. రిజిస్ట్రీ ఇచ్చేది ఆ చీటీనే. మెథడ్‌ని పిలిచినప్పుడు క్లయింట్ ఆ అడ్రస్‌కి విడిగా కనెక్ట్ అవుతుంది. ఉబుంటులో సాధారణంగా హోస్ట్స్ ఫైల్ సిస్టమ్ పేరుని 127.0.1.1కి కలిపి ఉంచుతుంది. జావా ఆ అడ్రస్‌నే చీటీ మీద రాసేస్తుంది. అంటే "నేను ఇంట్లోనే ఉంటాను" అని రాసిచ్చినట్టు. పక్క సిస్టమ్ ఆ చీటీ చదువుకుని తన ఇంట్లోనే వెతుక్కుంటుంది! ఎర్రర్‌లో కనిపించే ఐపీని ఒక్కసారి చదివితే సంగతి తెలిసిపోతుంది. విండోస్‌లో వర్చువల్‌బాక్స్ ఉంటే 192.168.56.1 లాంటి అడ్రస్ చీటీ మీదకి ఎక్కవచ్చు, దానితోనూ ఇదే తంటా.

దీనికి మందు జావా.ఆర్‌ఎంఐ.సర్వర్.హోస్ట్‌నేమ్ అనే ప్రాపర్టీ. అందులో సర్వర్ అసలు ఐపీ ఇవ్వండి. మూడు జాగ్రత్తలు: ఇవ్వాల్సింది సర్వర్ వైపు, క్లయింట్ వైపు కాదు. కమాండ్‌లో ఇస్తే క్లాస్ పేరుకి ముందు ఉండాలి, వెనక పెడితే అది మామూలు ఆర్గ్యుమెంట్‌గా మెయిన్‌కి వెళ్లిపోతుంది, ఎర్రర్ కూడా రాదు. కోడ్‌లో పెడితే ఆబ్జెక్ట్ ఎక్స్‌పోర్ట్ అవకముందే (బయటి పిలుపులకి సిద్ధం కాకముందే) పెట్టాలి, చీటీ రాసేశాక అడ్రస్ మార్చి లాభం లేదు.

రిఫ్యూజ్డ్ కాకుండా చాలాసేపు ఆగి "టైమ్డ్ అవుట్" వస్తే అప్పుడు ఫైర్‌వాల్‌ని అనుమానించండి. 1099 ఒక్కటే తెరిస్తే చాలదు, అది రిజిస్ట్రీది. మీ ఆబ్జెక్ట్ వేరే పోర్ట్‌లో ఉంటుంది, మీరు చెప్పకపోతే ప్రతిసారీ మారుతుంది కూడా. యూనికాస్ట్‌రిమోట్‌ఆబ్జెక్ట్ కన్‌స్ట్రక్టర్‌కి 5001 లాంటి నంబర్ ఇచ్చి, రెండు పోర్టులూ తెరవండి. కొన్ని వైఫైలు ఒక సిస్టమ్‌ని ఇంకో సిస్టమ్‌తో మాట్లాడనివ్వవు. అక్కడైతే లుకప్ కూడా ముందుకి కదలదు. ఫోన్ హాట్‌స్పాట్‌కి రెండింటినీ కలిపి చూస్తే తేలిపోతుంది.

పిలుపు చేరింది, జవాబు రాలేదు

"నాట్ సీరియలైజబుల్" అంటే మార్కుల క్లాస్ సీరియలైజబుల్‌ని (ఆబ్జెక్ట్‌ని నెట్‌వర్క్‌లో పంపవచ్చని చెప్పే గుర్తుని) ఇంప్లిమెంట్ చేయలేదు, అది చేర్చండి. "అన్‌రికగ్నైజ్డ్ మెథడ్ హ్యాష్" అంటే సర్వర్‌లో ఇంటర్‌ఫేస్ మార్చి, క్లయింట్‌లో పాతదే ఉంచారు. కొత్త ఇంటర్‌ఫేస్ రెండు వైపులా పెట్టి కంపైల్ చేసి, రెండూ మళ్లీ నడపండి.

ఎర్రర్ లేదు, లెక్క తప్పు

క్లయింట్‌లో మార్కులు మార్చినా సర్వర్‌లో పాతవే ఉంటే ఆశ్చర్యపోకండి. మీ దగ్గరికి వచ్చింది కాపీ. మార్చడానికి ఇంటర్‌ఫేస్‌లో విడిగా ఒక మెథడ్ పెట్టాలి. ఇద్దరు క్లయింట్లు ఒకేసారి పిలిస్తే సర్వర్‌లో ఆ పిలుపులు వేర్వేరు థ్రెడ్లలో నడవవచ్చు. ఎంతమంది చూశారో లెక్కపెట్టే కౌంటర్ లాంటిది ఉంటే ఒకటి రెండు తగ్గుతూ ఉంటుంది. ఆ మెథడ్‌కి సింక్రనైజ్డ్ అని పెట్టండి, అప్పుడు ఒకసారికి ఒక్క థ్రెడ్డే లోపలికి వెళ్తుంది. ఒక్క క్లయింట్‌తో పరీక్షిస్తే ఈ తప్పు ఎప్పటికీ కనిపించదు, కనీసం రెండు విండోల నుంచి లూప్‌లో పిలిచి చూడాలి.