పేరుపై పేచీ వచ్చినప్పుడు: సభ నడిపేవారికి, అర్జీ రాసేవారికి

శ్మశానానికి దారి అడుగుదామని కూర్చున్న సభ, ఆ వాడను కాగితంలో ఏమని రాయాలన్న దగ్గరే పొద్దుపుచ్చి, దారి సంగతి తేల్చకుండానే లేచిపోవడం తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో సంఘాలు నడిపేవారు ఎరగని విషయం కాదు. ఉద్యోగ సంఘాల్లో, విశ్వవిద్యాలయ హాస్టళ్లలో, మహిళా సంఘాల సమావేశాల్లో కూడా ఇదే జరుగుతుంది. ఒకరు వాడిన మాట మరొకరికి తగులుతుంది, అక్కడినుంచి చర్చ దారి తప్పుతుంది. అధ్యక్షత వహించేవారికి, మినిట్స్ రాసేవారికి, పదిమంది తరఫున అర్జీ రాసిపెట్టేవారికి పనికొస్తుందని ఈ నాలుగు విషయాలు రాస్తున్నాను. పేరుపై తగవును పనికిమాలినదని కొట్టిపారేయడం తప్పు, అసలు పనిని దానికి బలిపెట్టడమూ తప్పే. రెండింటినీ విడదీసి, దేని చోటు దానికి ఇవ్వగలిగితే సభ ముందుకు సాగుతుంది.

ముందుగా, తగవు తెచ్చిన మాట ఏ కోవకు చెందినదో గుర్తించాలి. చట్టం పెట్టిన పేరు ఒకటి, ఆ జనం తమకు తాము పెట్టుకున్న పేరు ఒకటి, ఇతరులు వారికి తగిలించిన పేరు ఒకటి, ఎదుటివాణ్ణి దెబ్బతీయడానికి విసిరే ముద్ర ఒకటి. ఈ నాలుగింటినీ ఒకే గాటన కట్టి ‘ఏది సరైన మాట’ అని అడగడంతోనే సగం గొడవ మొదలవుతుంది, ఎందుకంటే ఒకచోట సరైన మాట ఇంకోచోట సరికాకపోవచ్చు.

మన ప్రాంతంలో దీనికి వాడల పేర్లకు మించిన ఉదాహరణ లేదు. చిత్తూరు పల్లెల్లో ఒకే రకం నివాసాలకు ఒకచోట ఆది ఆంధ్రవాడ అనీ, ఇంకోచోట హరిజనవాడ అనీ, మరోచోట అరుంధతీవాడ, దళితవాడ, ఎస్సీ కాలనీ, అంబేద్కర్ కాలనీ అనీ పేర్లున్నాయి. ఇవి ఒక్కొక్కటి ఒక్కో కాలంలో పుట్టినవి. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచమ మహాసభగా మొదలైన సమావేశం, ‘పంచములు’ (నాలుగు వర్ణాలకు వెలుపలి అయిదోవారు) అన్న పిలుపును తోసిపుచ్చి, ఆది ఆంధ్ర మహాజన సభగా పేరు మార్చుకుంది. 1922లో మద్రాసు శాసనమండలిలో ఎం.సి. రాజా తెచ్చిన తీర్మానం తరువాత ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అనే పేర్లు ప్రభుత్వ కాగితాల్లోకి ఎక్కాయి. చిత్తూరు అప్పుడు మద్రాసు రాజధానిలోనిదే కనుక ఆ పేర్లు ఇక్కడ నేటికీ నిలిచి ఉన్నాయి. ‘హరిజన’ అన్నది 1932 పూనా ఒప్పందం తరువాత గాంధీజీ ప్రచారంలోకి తెచ్చిన మాట. దాన్ని 1938లో బొంబాయి శాసనసభలో స్థానిక బోర్డుల బిల్లులో చేర్చినప్పుడు అంబేద్కర్ తన పార్టీ సభ్యులతో సహా సభనుంచి బయటికి నడిచారు. ‘షెడ్యూల్డ్ కులాలు’ 1935 భారత ప్రభుత్వ చట్టంతో వచ్చి, రాజ్యాంగం 341వ అధికరణంలో స్థిరపడింది. ‘దళిత’ అన్న మాటకు 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ పోరాట బలం ఇచ్చారు, 1985లో కారంచేడు మారణకాండ తరువాత ఏర్పడిన దళిత మహాసభ దాన్ని తెలుగు నేలమీద ఊరూరికీ చేర్చింది.

ఈ క్రమం తెలిసినవారు సభలో ఎవరినీ తొందరపడి తప్పుపట్టరు. ‘హరిజనవాడ’ అని పలికిన డెబ్భై ఏళ్ల పెద్దాయన తన చిన్ననాడు గౌరవంగా చెలామణి అయిన మాటనే పలుకుతున్నాడు. దానికి అడ్డు చెప్పిన కుర్రవాడు, ఆ పేరులోని దయ తనకు అక్కర్లేదని అంబేద్కర్ నాడు చెప్పిన మాటనే చెబుతున్నాడు. ఇద్దరి వెనుకా చరిత్ర ఉంది. అయితే ఇద్దరి మాటా సమానమేనని తీర్పు చెప్పి కూర్చోవడం కూడా నాకు సమ్మతం కాదు: కుల ధ్రువీకరణ పత్రాల్లో ‘హరిజన’ అని రాయవద్దని కేంద్రం 1982లోనే రాష్ట్రాలకు సూచించింది, 2017లో సుప్రీంకోర్టు ఆ మాట నేడు అవమానకరంగా వాడుకలో ఉందని చెప్పింది. కాబట్టి కొత్తగా రాసే కాగితంలో దాన్ని మీ మాటగా వాడవద్దు. పెద్దాయన నోటివెంట వచ్చినప్పుడు మాత్రం నలుగురిలో ఆపి దిద్దవద్దు. మినిట్స్‌లో సరైన మాట రాసుకుంటే చాలు.

‘కాలనీ’ అన్న మాట చూడండి. తిరుపతి పట్టణంలో కాలనీ అంటే మధ్యతరగతివారి ఇళ్ల వరుస, అందులో ఎవరికీ అవమానం తోచదు. సరిహద్దు దాటి తమిళనాడులోకి వెళితే అదే మాట అంటరానితనానికి గుర్తుగా మారిందని, ప్రభుత్వ రికార్డులనుంచి దాన్ని తొలగిస్తామని 2025 ఏప్రిల్‌లో అక్కడి ముఖ్యమంత్రి శాసనసభలో ప్రకటించారు. చెన్నైకి, వేలూరుకు రాకపోకలున్న మన పల్లెల్లో ‘మేము ఊళ్లోవాళ్లం, వాళ్లు కాలనీవాళ్లు’ అన్న పలుకులోని తేడా తెలియనివారుండరు. తిరుపతినుంచి వచ్చి సభ నడిపేవారు దీన్ని ముందే తెలుసుకుని ఉండాలి.

ఇక అర్జీ రాయడం. సోమవారం కలెక్టరేటులో ఇచ్చే అర్జీకి రెండు అవసరాలుంటాయి: గుమాస్తా చేతిలోని రికార్డుతో పేరు సరిపోవాలి, సంతకం పెట్టేవారి మనసు నొచ్చకూడదు. ఒకదాన్ని గెలిపించడానికి రెండోదాన్ని ఓడించనక్కర్లేదు. ‘మా హరిజనవాడకు శ్మశాన దారి లేదు’ అని మొదలుపెడితే కుర్రవాళ్లు సంతకం పెట్టరు. ‘మా అంబేద్కర్ కాలనీకి’ అని మాత్రమే రాస్తే అలాంటి ఊరు రికార్డులో లేదని అర్జీ వెనక్కి వస్తుంది. ‘మా నాయన కాలంనుంచీ కాయితాల్లో అదే పడతా ఉంది కదప్పా’ అని పెద్దాయన, ‘కాయితాల్లో ఉంటే మనం కూడా అనుకోవాల్నా అన్నా’ అని కుర్రవాడు పట్టుబట్టినప్పుడు, ఇద్దరినీ కూర్చోబెట్టి ఈ ఒక్క వాక్యం చదివి వినిపించండి: ‘రెవెన్యూ రికార్డులో హరిజనవాడగా నమోదై, నివాసులమైన మేము అంబేద్కర్ కాలనీగా పిలుచుకునే మా వాడనుంచి శ్మశానానికి దారి లేదు.’ రికార్డు పేరు రికార్డుదని చెప్పారు, మీ పేరు మీదని చెప్పారు. రెండో వాక్యంనుంచి చివరిదాకా ‘మా కాలనీ’ అనే రాయండి. సర్వే నంబరు, దారి పొడవు, వర్షాకాలంలో శవాన్ని ఎవరి పొలం గట్టుమీదుగా మోయాల్సి వస్తోందో రాయడానికే అర్జీలో మిగిలిన చోటంతా ఉంచండి. రికార్డులో పేరు మార్చమని కోరే అర్జీని, గ్రామసభ తీర్మానం జతచేసి, వేరుగా పెట్టుకోవాలి. ఒకే కాగితంలో రెండూ కలిపితే దారి ఫైలు పేరు ఫైలు వెంట తిరుగుతుంది.

ఆ జనం తమకు పెట్టుకున్న పేరుకే పెద్దపీట వేయాలన్నది నేను పాటించే నియమం. అయితే ‘ఆ జనం’ అంటే ఒక్క మనిషి కాదు. సభలో ఉన్న ఒకే ఒక్క వికలాంగుణ్ణి లేపి ‘మిమ్మల్ని ఏమని పిలవాలి’ అని పదిమంది ముందు అడగడం మర్యాద అనిపించుకోదు, పైగా ఆయన జవాబు అందరి జవాబూ కాదు. ‘దివ్యాంగులు’ అన్న మాటను ప్రధాని 2015 డిసెంబరులో సూచించారు, మరుసటి ఏడాది కేంద్ర శాఖ పేరులోకే అది ఎక్కింది, కానీ వికలాంగుల సంఘాలు కొన్ని అప్పుడే అభ్యంతరం చెప్పాయి, ఐక్యరాజ్యసమితి కమిటీ 2019లో అది వివాదాస్పదమని పేర్కొంది. మన రాష్ట్ర శాఖేమో ‘విభిన్న ప్రతిభావంతులు’ అంటుంది. పింఛను అర్జీలో శాఖ వాడే పేరు రాయండి, మాట్లాడేటప్పుడు ఎదుటివారు వాడే పేరు వాడండి. నా వరకు నాకు, కార్యాలయం మెట్ల పక్కన ర్యాంపు కట్టకుండా మనిషిలో దివ్యత్వాన్ని చూడడం కాస్త ఎబ్బెట్టుగానే తోస్తుంది. ‘దళిత’ విషయంలోనూ ఏకాభిప్రాయం లేదు: దాన్ని గర్వంగా వాడేవారున్నారు, మాల, మాదిగ, అరుంధతీయ అని విడిగా చెప్పుకోవడానికే ఇష్టపడేవారున్నారు, ఎస్సీ అంటే చాలుననేవారున్నారు. ఆ మాట బదులు షెడ్యూల్డ్ కులాలు అనే వాడమని కేంద్ర సమాచార శాఖ 2018 ఆగస్టులో టీవీ చానళ్లకు సూచించినప్పుడు వచ్చిన నిరసన గుర్తుంచుకోవాలి. తమ పేరు తాము పెట్టుకునే హక్కును ప్రభుత్వమైనా లాగేసుకోరాదన్నదే ఆ నిరసనలోని వాదన, అది న్యాయమైనదని నేను అనుకుంటాను.

కొన్ని మాటలు అలవాటు కొద్దీ తటస్థంగా తోస్తాయి, వాటిని మరింత జాగ్రత్తగా పట్టుకోవాలి. 2019లో 103వ రాజ్యాంగ సవరణ తెచ్చిన పదిశాతం రిజర్వేషను చట్టంలో ‘ఆర్థికంగా బలహీన వర్గాలు’ అనే ఉంది, తెలుగులో మాత్రం అది ‘అగ్రవర్ణ పేదల కోటా’ అయి కూర్చుంది. ఆ ‘అగ్ర’ అన్న విశేషణాన్ని ఒప్పుకుని వాడుతున్నామా అని ఎవరైనా అడిగితే అది పెడవాదం కాదు. తీర్మానంలో ఓసీ అనో, చట్టం మాటనో రాస్తే సరిపోతుంది. ‘ఆధిపత్య కులాలు’ అన్న మాట విశ్లేషణకు పనికొస్తుంది, కానీ ఆ కులాలవారే సంతకం పెట్టవలసిన కాగితంలో అది మొదటి వాక్యంలోనే తలుపు మూసేస్తుంది. అలాగే, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు తరువాత మన రాష్ట్రం తెచ్చిన, ఎస్సీ కులాలను గ్రూపులుగా చేసి రిజర్వేషన్లను వాటి మధ్య పంచే ఏర్పాటును సమర్థించేవారు ‘వర్గీకరణ’ అంటే, వ్యతిరేకించేవారు ‘విభజన’ అంటారు. అధికారిక నామం వర్గీకరణే కనుక అజెండాలో దాన్నే రాయండి, విభజన అనేవారి వాదాన్ని వారి మాటల్లోనే మినిట్స్‌లో నమోదు చేయండి.

తిరుపతి కాబట్టి ఇంకొకటి చెప్పాలి. హిందువులు కాని ఉద్యోగుల విషయంలో టీటీడీ పాలకమండలి 2024 నవంబరులో తీర్మానం చేసినప్పటినుంచి ‘అన్యమతస్థులు’ అన్న మాట ఊళ్లో తరచుగా వినిపిస్తోంది. ఆ తీర్మానాన్ని సమర్థించినా, వ్యతిరేకించినా, సంఘం కాగితంలో ‘హిందువులు కాని ఉద్యోగులు’ అని రాయడంవల్ల వాదనలో ఏ లోటూ రాదు. ‘అన్య’ అన్నచోట మాత్రం, వాదన మొదలుకాకముందే ఒకరు బయటివారైపోతారు.

నాలుగో కోవలోని ముద్రలతో మరో పద్ధతి అవసరం. మనువాది, దేశద్రోహి, అర్బన్ నక్సల్, కుహనా లౌకికవాది: ఇలాంటివి వినపడగానే ఆ మాట తప్పా ఒప్పా అని చర్చ పెట్టకండి, అది తెల్లవార్లూ తెగదు. అన్నవారిని ‘ఆయన ఏం చేశారో, ఏం అన్నారో చెప్పండి, అది రాసుకుంటాం’ అని అడగండి. ‘ఆయన మనువాది’ అన్న మాట ‘కమిటీలో ఎస్సీ సభ్యులకు చోటివ్వాలన్న ప్రతిపాదనను ఆయన రెండు సమావేశాల్లో వాయిదా వేయించారు’ అని మారిందంటే, దానికి ఆయన జవాబు చెప్పక తప్పదు, సభ్యులు నిజానిజాలు తేల్చుకోగలరు. చేసిన పని చెప్పలేకపోతే ముద్ర దానంతట అది రాలిపోతుంది, మినిట్స్‌లో దానికి చోటు ఉండదు.

పేర్ల చర్చకూ, నేరానికీ మధ్య గీతను మాత్రం చెరపకూడదు. షెడ్యూల్డ్ కులాలు, తెగల అత్యాచారాల నిరోధక చట్టం, 1989, సెక్షన్ 3(1)(ఎస్) ప్రకారం ఆ కులాలకు, తెగలకు చెందని వ్యక్తి, వాటికి చెందినవారిని నలుగురికీ కనబడేచోట కులం పేరుతో దూషించడం శిక్షార్హం. సభ అలాంటి చోటే. కులం పేరు ఎత్తడమే నేరం కాదు: మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి 1994నుంచి ఆ పేరును తిట్టుగా కాక ఇంటిపేరు స్థానంలో తగిలించుకునే గౌరవంగా మార్చింది. కానీ అదే పేరు మరొకరి నోట దూషణగా వచ్చినప్పుడు అధ్యక్షులు ‘భాషపై చర్చిద్దాం’ అనడం తప్పించుకోవడమే. చర్చను ఆపి, జరిగింది జరిగినట్టు, పలికిన మాటతో సహా రాయించి, అక్కడున్నవారి పేర్లు నమోదు చేయాలి. బాధితులు ఫిర్యాదు చేస్తామంటే రాజీకోసం వారిమీద ఒత్తిడి తేకూడదు.

మినిట్స్ రాసేవారికి చివరిగా కొన్ని మాటలు. పాత పత్రాన్ని ఉటంకించేటప్పుడు అందులోని మాటను దిద్దకండి. 1917 సభ గురించి రాస్తూ ‘పంచమ’ను తీసేస్తే అది ఎందుకు పేరు మార్చుకుందో చదివేవారికి తెలియదు. ఒకరి ప్రసంగంలోని మాటను మీకు నచ్చిన మాటతో మార్చి వారి పేరున రాయకండి. ఒక జనం పేరును చేతులెత్తించి తేల్చకండి, ఎందుకంటే ఆ గదిలో వారు తక్కువమంది ఉన్నంత మాత్రాన వారి పేరు మీద మిగతావారికి ఓటు రాదు. పేరు చర్చకు ముందే గడువు చెప్పండి, గడువులో తేలకపోతే రెండు పేర్లూ పక్కపక్కన రాసి, అభ్యంతరం చెప్పినవారి పేరుతో ఒక వరుస చేర్చి, అజెండాలోని తదుపరి అంశానికి వెళ్లండి. ముసాయిదాను సంతకాలకు పంపేముందు, మాటకు అభ్యంతరం చెప్పినవారికే ముందుగా చూపించండి.