అమెరికా క్లయింట్‌కి ఇంటి నుంచి యాప్ చేస్తున్నారా? సాయంత్రం మెసేజ్ ఇలా పెట్టండి

రిమోట్ పని అనగానే అందరూ కుర్చీ ఏది, మానిటర్ ఏది అని అడుగుతారు. అసలు పని చెడేది సాయంత్రం పెట్టే మెసేజ్ దగ్గర. అందుకే మిగతావి గబగబా చెప్పేస్తాను.

ముందు సామాను. 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ చాలు. ఐఫోన్ యాప్ కూడా చేస్తే మ్యాక్ తప్పదు, ఐఫోన్ యాప్‌లు తయారుచేసే ఎక్స్‌కోడ్ దాని మీదే నడుస్తుంది. కరెంటు పోయినా నెట్ పోకుండా రౌటర్‌కి ఓ చిన్న యూపీఎస్. ఫైబర్ తెగితే ఫోన్ హాట్‌స్పాట్. టెస్టింగ్‌కి 3 జీబీ ర్యామ్ ఉన్న పాత ఆండ్రాయిడ్ ఫోన్ కొనండి, ఎమ్యులేటర్‌ని (కంప్యూటర్‌లో నడిచే ఉత్తుత్తి ఫోన్‌ని) నమ్మేవాళ్లతో నేను వాదించను. మంచం మీద కూర్చుని కోడ్ రాయకూడదు, అంతే. గది తలుపు వేసుకోండి. లేదంటే "ఇంట్లోనే ఉన్నావుగా" అంటూ గ్యాస్ బండ దగ్గర్నుంచి బ్యాంకు పని దాకా మీకే అంటగడతారు.

తర్వాత టైమ్. న్యూజెర్సీలో ఉదయం 9 అంటే మనకి ఎండాకాలంలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. వాళ్ల గడియారం మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం మారుతుంది. మీటింగ్‌ని క్యాలెండర్‌లో న్యూయార్క్ టైమ్‌లోనే పెట్టండి, న్యూజెర్సీకీ అదే టైమ్. మన టైమ్‌లో పెట్టుకుని ప్రతి మార్చిలో గంట ఆలస్యంగా వచ్చి సారీ చెప్పేవాళ్లని చూసి విసిగిపోయాను.

ఇక మెసేజ్. చాలామంది పెట్టేది ఇది: "ఓటీపీలో ప్రాబ్లమ్ ఉంది, ఏం చేద్దాం?" సోమవారం సాయంత్రం ఇలా పెట్టి లాగాఫ్ అవుతారు. మంగళవారం ఉదయం చూస్తే "ఏ ప్రాబ్లమ్? ఏ ఫోన్‌లో?" అని ఉంటుంది. జవాబు రాస్తారు, అటు మనిషి నిద్రలో ఉంటాడు. అసలు సంగతి తేలేసరికి బుధవారం.

నేను పెట్టేది ఇలా ఉంటుంది: "ఆండ్రాయిడ్ 14, బిల్డ్ 2.3.1. ఓటీపీ వచ్చాక వెనక్కి వెళ్లి నంబర్ మార్చినా పాత ఓటీపీ పనిచేస్తోంది. 30 సెకన్ల వీడియో జత చేశాను. ఏ: నంబర్ మారగానే పాత ఓటీపీ రద్దు చేయడం, సర్వర్‌లో సగం రోజు పని. బీ: నంబర్ మార్చనివ్వకపోవడం, గంట పని, కానీ తప్పు నంబర్ కొట్టినవాళ్లు ఇరుక్కుపోతారు. నా ఓటు ఏ. మీ నుంచి జవాబు రాకపోతే మంగళవారం మా ఉదయం 10కి, అంటే సోమవారం మీ రాత్రి 12:30కి, ఏ మొదలుపెడతాను."

అవతలివాడు "ఏ" అని ఒక్క అక్షరం కొడితే చాలు. కొట్టకపోయినా నా పొద్దు వృథా కాదు. దీనికి ఓ కాల్ చేస్తే పోదా అంటారా? కాల్‌లో అనుకున్నది వారం తర్వాత ఇద్దరికీ రెండు రకాలుగా గుర్తుంటుంది.

ఆ చివరి వాక్యం దగ్గరే జాగ్రత్త. "జవాబు రాకపోతే" అన్నది వెనక్కి తీసుకోగలిగిన పనులకి మాత్రమే రాయాలి. బ్రాంచ్‌లో, అంటే విడిగా పెట్టుకున్న కాపీలో, కోడ్ మార్చడం, టెస్ట్ సర్వర్‌లో పెట్టడం వరకూ సరే. లైవ్ డేటాబేస్‌లో (కస్టమర్లు వాడుతున్న అసలు డేటాలో) ఏదైనా చెరపడం, పేమెంట్ జోలికి పోవడం, స్టోర్‌లో రిలీజ్ చేయడం, వీటికి "సరే" అని అక్షరాలా వచ్చేదాకా ఆగాలి. ప్లే స్టోర్‌లో దశలవారీ రిలీజ్‌ని (కొద్దికొద్దిమందికి పంపేదాన్ని) మధ్యలో ఆపొచ్చు. కానీ అప్పటికే ఫోన్‌లోకి దిగిన అప్‌డేట్‌ని వెనక్కి లాగలేం, వెర్షన్ కోడ్ (యాప్ వరుస నంబర్) పెంచి ఇంకో అప్‌డేట్ పంపడమే.

ఇది నాకు ఊరికే తెలియలేదు. ఓ నవంబర్‌లో "మీరు వద్దనకపోతే పాత కూపన్లు తీసేస్తున్నా" అని రాసి, జవాబు లేకపోవడంతో లైవ్‌లో తీసేశాను. అది అమెరికాలో థాంక్స్‌గివింగ్ పండగ సెలవు, గురువారం, అటు ఎవరూ మెసేజ్‌లు చూడలేదు. శుక్రవారం వాళ్ల పెద్ద సేల్, ఒక్క కూపనూ పనిచేయలేదు. రాత్రంతా కూర్చుని బ్యాకప్‌లోంచి ఒక్కో డేటా టేబుల్ తెచ్చిపెట్టాను. ఇప్పుడు వాళ్ల సెలవులన్నీ జనవరిలోనే నా క్యాలెండర్‌లోకి ఎక్కించేస్తాను.

మెసేజ్ పెట్టే ముందు కోడ్ పుష్ చేయండి (సర్వర్‌లోకి ఎక్కించండి), బిల్డ్ లింక్‌ని, అంటే తాజాగా తయారైన యాప్ లింక్‌ని, ఆ పాత ఫోన్‌లో ఒకసారి తెరిచి చూడండి. పంపాక ఇంకో అరగంట కూర్చోండి. వాళ్లకి అప్పుడే తెల్లారుతుంది కాబట్టి, చాలాసార్లు జవాబు ఆ అరగంటలోనే వచ్చేస్తుంది.